బియ్యం డబ్బాలో ఫోను

అవ్వా, నేను బాగున్నాను. పగలు నీ ఫోను బియ్యం డబ్బాలోనే మోగుతుంది, నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి నువ్వు పడుకుంటావు కాబట్టి కార్డు రాస్తున్నాను.

ఏ బస్సు ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చడానికి, ఫోన్ల కదలికను బట్టి ఏ ఊరివాళ్లు పనికి ఎక్కడికి పోతారో మా ఆఫీసులో మ్యాపు గీస్తున్నాం. మన ఊరి ఆడవాళ్లు నిజామాబాదుకు పోవడమే లేదని వచ్చింది. "గట్లయితే పొద్దటి బస్సు ఎందుకు?" అన్నారు సారు. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పడానికి రోజూ నలభై మంది ఎక్కుతారని, ఫోన్లు ఇంట్లో పెట్టి పోతారని పోట్లాడి నెల గడువు తెచ్చాను.

ఒకటో తారీఖు నుంచి అందరినీ ఫోను వెంట తీసుకుపొమ్మను. "బస్సుల కొట్టేస్తరు బిడ్డా" అంటావు. రవికెకు లోపల జేబు కుట్టించు. మోకాలికి నూనె రాస్తున్నావా? బాపుకు దండాలు.

ఇరవై ఏళ్లు ఆ బస్సెక్కి నన్ను చదివించావు. నా మ్యాపులో నువ్వు గడప కూడా దాటలేదు. అట్లా వదిలిపెట్టను.

నీ బిడ్డ సుమలత