కట్టు మీద సంతకం

నాయనా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. ఆళ్లగడ్డలో నీతో పాటు రాళ్లు చెక్కిన ఖాదర్ మామ, మానని షుగర్ పుండుతో నంద్యాలలో నేను నర్సుగా ఉన్న ఆసుపత్రికి వచ్చాడు. నీ కాలి పుండుకు నేను వేసినట్టే, చీము పట్టనివ్వని వెండి మందు కట్టు అతనికీ వేసి, ఐదు రోజులు విప్పొద్దని చెప్పాను.

"మీ నాయన దినామూ విప్పి పసరు పోసుకుంటాండె పాపా. నువ్వొచ్చే దినం కడుక్కోని మళ్లా కట్టుకుంటాండె. నీకు చెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్నాడు," అన్నాడు.

అడిగిన ప్రతిసారీ "ముట్టలేదు తల్లీ" అన్నావు. నీ కాలు తీసేసినప్పటి నుంచీ, కట్టు సరిగా వేయలేదేమోనని నా చేతినే తిట్టుకుంటున్నాను. కాలు తీసేసిన రోజైనా నువ్వు నిజం చెప్పలేదు.

ఖాదర్ మామ కట్టు అంచు మీద, విప్పితే తెలిసిపోయేలా, పెన్నుతో సంతకం చేశాను. నీ కట్టు మీద అలా చేయాలని నాకు ఒక్కసారీ తోచలేదు.