తెర మీద వేట

శుక్రవారం, రాత్రి

తమ్ముడు విశాఖ నుంచి వీడియో గేమ్ తెచ్చాడు. రిమోట్ పట్టుకుని విల్లు లాగినట్టు చెయ్యి లాగితే, టీవీలోని మాయల అడవిలో బాణం దూసుకుపోతుంది. సాయంత్రం మా ఆయన కూడా సరదాపడి లేచాడు. ఎన్నిసార్లు లాగినా బాణం ఆ అడవిలో ఎగిరే రెక్కల దుప్పి దరిదాపులకైనా పోలేదు.

“బావా, ఇంకా ఎనక్కి లాగు!” అని తమ్ముడి కేకలు.

నాకేం పట్టిందో! ఇటుకల పండగ వేటకెళ్ళి ఏమీ దొరక్కుండా తిరిగొచ్చిన మగవాళ్ళ మీద మా ఆడవాళ్ళం పేడనీళ్ళు చల్లి నవ్వుతాం కదా, అదే గుర్తొచ్చింది. అరుగు అలకడానికి కలిపిన పేడనీళ్ళు చెంబుతో తెచ్చి, “ఏటి మావా, వట్టి సేతుల్తోనే వచ్చేసినావా?” అంటూ చొక్కా మీద చల్లేశాను.

పండగలో అయితే నాలుగు తిట్టి తనూ నవ్వేవాడు. ఇవాళ రిమోట్ తమ్ముడి చేతిలో పెట్టి, “ఇంక సాల్లేరా” అన్నాడు, అంతే.

మిరియాలు కోస్తూ చెట్టు మీంచి పడ్డప్పటి నుంచి ఆయన కుడి భుజం లేవడం లేదు. రోజూ నూనె రాసేది నేనే. నాకు తెలియదా?

చొక్కా తనే ఉతుక్కున్నాడు, ఎడం చేత్తో. పిండడానికైనా నన్ను పిలవలేదు. దండెం మీంచి ఇంకా నీళ్ళు కారుతూనే ఉన్నాయి.