ఐదు మైళ్లని రాశాను

లాస్ ఏంజెలెస్, సెప్టెంబర్ 1981, గురువారం

నిద్ర పట్టడం లేదు. ఎయిర్‌పోర్ట్‌లో ఎంత దూరం కనిపిస్తోందో గంటగంటకీ చూసి రాయడం నా డ్యూటీ. ఇవాళ మధ్యాహ్నం డాబా ఎక్కి చూసి, ఐదు మైళ్ల అవతలున్న వాటర్ ట్యాంక్ కనిపిస్తోందని రాశాను. కొత్తగా చేరిన లిండా పక్కకొచ్చి, "ట్యాంక్ ఎక్కడుంది, మిస్టర్ రావ్? నాకంతా గోధుమరంగు పొగే!" అంది. మళ్లీ చూశాను. నిజంగానే ట్యాంక్ కనిపించలేదు. ఎనిమిదేళ్లుగా అటే చూస్తున్నాను కదా, కనిపించిందనే అనుకున్నాను. వెంటనే ఐదు కొట్టేసి రెండని రాసి, విమానాలు దింపే కంట్రోల్ టవర్‌కి ఫోన్ చేశాను.

ఇంటికొచ్చి చెప్తే సుశీల, "దిద్దేశారు కదండీ, ఇంకెందుకు బాధ? పడుకోండి," అంది.

ఇవాళ లిండా ఉంది కాబట్టి దిద్దాను. నిన్న డాబా మీద నేనొక్కడినే. నిన్నా ఇలాగే పొగ, నిన్నా ఐదే రాశాను. ట్యాంక్‌ని చూసే రాశానా? ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.