డాక్టరమ్మ వాచీ

అక్కా, నేను కులాసా, దిగులు పడకు.

చప్పుళ్లకు బెదిరే పిల్లల మీద మా పరిశోధన సాగుతోంది. బయటి చప్పుడు రాకుండా గోడలకు పరుపులు కొట్టించిన గదిలో కూడా వాళ్లు చెవులు మూసుకుంటుంటే, ఎంతసేపో మా డాక్టరమ్మ చేతి వాచీ చూసి ఆరునెలలుగా రాసుకుంటున్నాం. నిన్న ఒక ఐదేళ్ల పాప డాక్టరమ్మ చెయ్యి చూపించి, "వాచీ అరుస్తోంది, తీసెయ్యి" అంది. దాన్ని బయట పెట్టగానే చేతులు దించి బొమ్మలేసుకుంది. చెవికి ఆనించుకుంటే గానీ దాని టిక్కుటిక్కు నాకు వినపడలేదక్కా! డాక్టరమ్మ ఆరునెలల కాగితాలూ పక్కన పడేసింది.

మీ చిన్నది గౌను వద్దని ఏడిస్తే మొండిఘటం అని కొట్టకు. మెడ వెనక కంపెనీ పేరుతో కుట్టిన గుడ్డముక్క గుచ్చుకుంటోందేమో, కత్తిరించి చూడు. బావగారి దగ్గు తగ్గిందా?

చిన్నదానికి ముద్దులని రాయబోయి ఆగాను. పెడితే తుడుచుకునేది, మనం నవ్వేవాళ్లం. దూరం నుంచే చెయ్యి ఊపానని చెప్పు.

నీ చెల్లి