మీ బావ కొన్న దొర టోపీ

స్వేల్‌డేల్,
అక్టోబరు, ఆదివారం.

తమ్ముడు ఎడ్విన్‌కి అక్క మేబుల్ ఆశీస్సులు. ఇక్కడ మనుషులం, గొర్రెలం, కుక్కలం అందరం కులాసా. అక్కడ ఫాక్‌లాండ్ దీవుల గాలికి నువ్వూ నీ మందా ఎగిరిపోకుండా నిలబడి ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. నేను అల్లి పంపిన మేజోళ్ళు బిగుతైపోయాయన్నావు. వేడినీళ్ళలో ఉతికుంటావు, నీ సంగతి నాకు తెలీదా? ముసలి కుక్క నెల్ ఇంకా ఉంది. గొర్రెల వెంట పోవడం మానేసింది గానీ పొయ్యి ముందు చోటు మాత్రం ఎవరికీ ఇవ్వదు. ఇక నువ్వు అసలు అడిగింది: "బావ దొర టోపీ పెట్టుకుని తిరుగుతున్నాడని పక్క పొలం మ్యాట్ రాశాడు. నిజమా, తాగి రాశాడా?" అని. తాగే రాసుంటాడు. కానీ నిజమే.

నీకు తెలుసుగా, మీ బావ హెర్బర్ట్‌ని ఆ బూడిదరంగు ట్వీడ్ ఉన్ని టోపీ లేకుండా చూసినవాళ్ళు ఈ లోయలో లేరు. పెళ్ళికీ అదే, చావుకీ అదే, గొర్రెల ఈతలప్పుడూ అదే. అలాంటి మనిషి మొన్న జూలైలో, మేమంతా గడ్డి కోస్తుంటే, రిచ్‌మండ్ బజారు నుంచి కొత్త టోపీతో దిగాడు. గోధుమరంగు ఫెల్టు టోపీ. చుట్టూతా ఇంత వెడల్పు అంచు. పట్టీలో నెమలికోడి ఈక ఒకటి. కింద మాత్రం మామూలే: మోచేతులకి తోలు అతుకులేసిన ట్వీడ్ కోటు, నడుముకి తాడు, బురద బూట్లు.

మ్యాట్ కొడవలి కింద పడేసి చేతులు కట్టుకున్నాడు. "దండాలు దొరా! మా బతుకుల్ని చూడ్డానికి తమరే స్వయంగా వచ్చారా?"

"ఎండగా ఉంది," అన్నాడు మీ బావ.

మన లోయలో ఎండట! ఆగస్టులో కొండమీదకి పిట్టల వేటకొచ్చిన లండన్ పెద్దమనిషొకడు, ఆ టోపీ చూసి ఈయన కూడా తోటి దొరేనని వెండి సీసాలోంచి విస్కీ పోశాడు. మీ బావ తాగేసి, థాంక్స్ చెప్పి, చక్కా ఇంటికొచ్చాడు. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ లోపల పురుగు తొలుస్తూనే ఉంది. అన్నం బల్ల దగ్గర కూడా టోపీ తియ్యడేం? పడుకునేటప్పుడు దీపం ఆర్పాక గానీ తియ్యడేం? చెప్తే నవ్వుతావు. రిచ్‌మండ్‌లో ఎవత్తైనా ఉందేమో అనుకున్నాను. ఆయన లేనప్పుడు టోపీ వాసన కూడా చూశాను, ఏమైనా సెంటు తగులుతుందేమోనని. గొర్రెల వాసనే తగిలింది.

ఇక ఆగలేక, బొత్తాలు కొనాలన్న వంకన రిచ్‌మండ్ వెళ్ళాను. టోపీల దుకాణం మిస్ ప్రాక్టర్ తెలుసుగా, పొడుగ్గా, వెదురుగడలా ఉంటుంది. ఎవరిదో నల్ల టోపీని కెటిల్ ఆవిరి మీద పెట్టి అంచు వంచుతోంది.

"మా ఆయన టోపీ మీ దగ్గరే కొన్నాడా?"

"ఇక్కడే, అమ్మా. పల్లెటూళ్ళో తిరగడానికి పనికొస్తుందని సన్న అంచుది చూపిస్తే వద్దన్నాడు. నీ దగ్గరున్నవాటిలో అన్నిటికన్నా వెడల్పుది ఏదో అదియ్యి అన్నాడు. అది వేటకెళ్ళే దొరలు కొనేది, ఖరీదెక్కువ అన్నా వినలేదు."

"ఎవరైనా వెంట ఉన్నారా?"

ఆమె నన్ను ఒకసారి ఎగాదిగా చూసి నవ్వింది. "ఆడవాళ్ళెవరూ లేరులే. కానీ ఒకటి వింతగా అనిపించింది. టోపీ పెట్టుకున్న మగాడెవడైనా అద్దంలో ముఖం చూసుకుంటాడు. మీ ఆయన అటూ ఇటూ తిరిగి చెవులు చూసుకున్నాడు."

బస్సులో వస్తున్నంతసేపూ ఆ చెవులే నా కళ్ళముందు. వేసవి మొదట్లో ఎడమ చెవి పైఅంచున చిన్న పుండు చూశాను. ముళ్ళతీగ గీసుకుందన్నాడు. తర్వాత నేనూ మర్చిపోయాను.

ఇంటికొచ్చేసరికి ఆయన టీ తాగుతున్నాడు.

"ఏమయ్యా, ఆ టోపీ తియ్యి."

"చలిగా ఉందే."

"మొన్న ఎండన్నావు, ఇవాళ చలా? తీస్తావా, నన్ను తియ్యమంటావా?"

తీశాడు. తమ్ముడూ, ఆ పుండు మానలేదు. చుట్టూ గట్టిపడి, మధ్యలో చెక్కు కట్టి ఉంది. నేను ఊరుకోకపోతే అప్పుడు బయటపడ్డాడు. జూన్‌లోనే డాక్టరు దగ్గరికి వెళ్ళాడట. ఇది ఎండ వల్ల వచ్చింది, చెవులు కప్పే టోపీ పెట్టుకో, వెంటనే ఆస్పత్రికెళ్ళి అది కోయించుకో అని ఆ డాక్టరు చెప్పాడట. మీ బావ మొదటి మాట విన్నాడు, రెండోది వదిలేశాడు.

"ఎందుకయ్యా దాచావు?"

టీ కప్పు బల్ల మీద పెట్టాడు. "కోస్తే ఏదో ఒకటి బయటపెడతారు మేబుల్. కొయ్యకపోతే అది ఒట్టి పుండే."

మర్నాడే డాక్టరుకి ఫోన్ చేశాను. సెప్టెంబరులో చెవి పైభాగం కొంచెం కోసేశారు. కాన్సరే. కానీ అంతా తీసేశామని, ఇంకెక్కడికీ పాకలేదని మొన్న బుధవారం కబురొచ్చింది. ఆ కబురు వచ్చేదాకా నీకు రాయకూడదని కలం ముట్టుకోలేదు. మనసు తేలికపడింది. సంతలో మ్యాట్ ఆ చెవి చూసి, "గొర్రెలకి చెవి కత్తిరించి వేసినట్టు మీ ఆవిడ నీకూ చెవిగుర్తు వేయించిందా? ఇక తప్పిపోయినా ఎవరి మందవో తెలిసిపోతుంది!" అన్నాడు. మీ బావే అందరికన్నా గట్టిగా నవ్వాడు.

ఇప్పుడు అసలు మాట. ఇది మీ బావకి కూడా చెప్పలేదు.

ఆస్పత్రిలో డాక్టరు ఆ పుండు గురించి చెప్తుంటే నేను మీ బావని చూడట్లేదు. మన నాన్నని చూస్తున్నాను. నాన్న చెవికి ఏళ్ళ తరబడి ఒక పుండు ఉండేది, గుర్తుందా? చలికి పగిలిందని అమ్మ గొర్రె కొవ్వు రాసేది. ఆఖర్న మెడ మీద గడ్డ లేచి పోయాడు. ముసలితనం అనుకున్నాం. అది ముసలితనం కాదేమో, తమ్ముడూ. నాన్నది ఎర్రజుట్టు, పాలలాంటి ఒళ్ళు. అలాంటి ఒళ్ళే ఎండకి ముందు లొంగుతుందట. నాది అమ్మ రంగు. నాన్న ఒళ్ళు వచ్చింది నీకే. ఏళ్ళుగా ఆ దీవుల్లో గొర్రెల వెనక టోపీ లేకుండా తిరుగుతున్నావు. నువ్వు పంపిన ఫొటోని కిటికీ దగ్గర పెట్టి చూశాను గానీ చెవులు కనబడలేదు.

మిస్ ప్రాక్టర్ చేత నీకూ ఒక వెడల్పు అంచు టోపీ చేయించి పంపుతున్నాను. గాలికి పోకుండా గడ్డం కింద కట్టుకోడానికి తాడు కుట్టాను. అక్కడ నవ్వేవాళ్ళని నవ్వనీ. కానీ టోపీ పెట్టుకున్నాను కదా అని ఊరుకోకు. ఈ ఉత్తరం చదివిన రోజే ఎవరిచేతనైనా చెవుల వెనకా మెడ మీదా చూపించుకో. ఏం కనబడితే అది నాకు దాచకుండా రాయి. చూసేవాళ్ళు ఎవరూ లేకపోతే మొదటి విమానం ఎక్కి వచ్చెయ్యి. నేను చూస్తాను.

ఇట్లు,
నీ కోసం ఎదురుచూసే
మేబుల్ అక్క