మామయ్య మార్చిన మురుగునీటి పాఠం

మామయ్యా,

నమస్కారం పెట్టే ఓపిక కూడా లేనంత కోపంలో రాస్తున్నాను.

నేలా నీళ్లూ రేపటివాళ్లకూ మిగిలేలా బతకడాన్ని సుస్థిరత అంటారు. దాన్ని ఎవరి సబ్జెక్టులోకి వాళ్లు ఎలా తేవాలో యూనివర్సిటీ మాస్టర్లకు నేర్పడం నా ఉద్యోగం. శిక్షణలో గొంతు చించుకున్నాను. మీరంతా తలలూపారు, మొక్క నాటారు, ఫొటో దిగారు. పాఠం మాత్రం ఒక్కరూ ముట్టుకోలేదు. నీ మురుగునీటి పైపుల పాఠం మార్చు. మార్చేదాకా సర్టిఫికెట్ ఇవ్వను. అది లేకపోతే నువ్వు డిపార్ట్‌మెంట్ హెడ్డువి కాలేవనీ తెలుసు.

ఇట్లు,
మొహమాటం లేని నీ మేనకోడలు

తా.క. శిక్షణలో నువ్విచ్చిన మొక్కకి రోజూ నీళ్లు పోశాను. ప్లాస్టిక్‌దని ఇవాళే తెలిసింది.

*

నిప్పురవ్వకు మామయ్య దీవెనలు, కాస్త దూరం నుంచే.

పాఠం మార్చాను. పేరు ముందు ‘హరిత’ చేర్చాను. స్లైడ్లన్నీ ఆకుపచ్చగా చేయించాను. పక్క గది మాస్టారు నాకన్నా ఘనుడు. ముప్పై ఏళ్లుగా పాత నోట్సే చదువుతున్నాను, ఇంతకన్నా పొదుపేముంటుందని అడుగుతున్నాడు. త్వరగా సర్టిఫికెట్ పంపు. హెడ్డుగారి భార్యనని మీ అత్తయ్య వీధంతా చెప్పేసుకుంది.

ఇట్లు,
పచ్చబడ్డ మామయ్య

తా.క. మా ప్రొజెక్టర్‌లో పచ్చ కాస్తా పసుపుగా పడుతోంది. పాఠానికి కామెర్లొచ్చాయని పిల్లలు పరామర్శిస్తున్నారు.

*

మామయ్యా,

పలకరింపులు తర్వాత. మార్చమన్నది రంగు కాదు, ప్రశ్న. ‘పైపు ఎంత వెడల్పుండాలి?’ అని ఏళ్ల తరబడి అడుగుతున్నావు. ‘అందులో నీళ్లు చివరికి ఎవరి దగ్గరికి పోతాయి?’ అని ఒక్కసారి అడిగి చూడు. భయపడే మాస్టరు మాస్టరే కాడు.

ఇట్లు,
రాజీ పడని మేనకోడలు

తా.క. చివరి వాక్యం నా కరపత్రంలోది. గోడకి అంటించుకో.

*

అమ్మడూ,

అడిగాను. పిల్లలు పుస్తకం చూసి రాసిస్తారనుకున్నాను. చూసొస్తాం సార్ అన్నారు. మన కెమిస్ట్రీ ల్యాబు సింకులో ఎర్రరంగు పోసి, ప్రహరీ వెనక వాగు దగ్గరికి పరిగెత్తారు. వాగు ఎర్రబడింది. అక్కడ బట్టలుతికేవాళ్లు తడి దుప్పట్లతో రిజిస్ట్రారు గదిలోకి వచ్చారు. “ఇవాళంటే రంగు కనబడింది. ఇన్నాళ్లూ కనబడకుండా ఏం వదిలారు సార్?” అని అడిగారు. రిజిస్ట్రారు మాత్రం, ఇదంతా ఎవరు నేర్పారని నన్నడిగాడు. గర్వంగా నీ పేరు చెప్పాను.

ఇట్లు,
నీ మాట విన్న మామయ్య

తా.క. ఆయన టేబుల్ మీద మొక్కా ప్లాస్టిక్‌దే. గిల్లి చూశాను.

*

పూజ్యులైన మామయ్యగారికి నమస్కరించి వ్రాయునది.

రిజిస్ట్రారుగారు పిలిచారు. ఎంత మర్యాదస్తులో. నా ఉద్యోగం పర్మనెంటు చేస్తామన్నారు. మీరు ఆ ఒక్క ప్రశ్న ఆపితే చాలట. మార్పు నెమ్మదిగా రావాలి కదండీ. సర్టిఫికెట్ జతచేశాను. పాత ప్రశ్నే అడగండి. ఆలోచిస్తే, పైపుకి వెడల్పు కూడా ముఖ్యమే.

ఇట్లు,
విధేయురాలు

తా.క. ఈ ఉత్తరం చించెయ్యండి. కాగితం వృథా అనుకోకండి.

*

మేనకోడలుగారికి,

సర్టిఫికెట్ తిప్పి పంపుతున్నాను. ప్రశ్న ఆపుదామనే చూశాను. పిల్లలు ఆపనివ్వలేదు. నిజం చెప్పొద్దూ, ఆ దుప్పట్లు చూశాక నాకూ వెడల్పు మీద మనసు పోవడం లేదు. హెడ్డు పదవి పక్క గది మాస్టారికి ఇచ్చారు. మీ అత్తయ్య నాతో మాట్లాడటం లేదు.

అనుమతి లేకుండా పాఠం మార్చినందుకు నన్ను మళ్లీ శిక్షణకి పంపుతున్నారు. సోమవారం, నీ క్లాసుకే. పాఠం మార్చకుండా ఎలా ఉండాలో నువ్వే నేర్పాలట.

ఇట్లు,
నీ విద్యార్థి

తా.క. పెద్ద గది చూడు. మా పిల్లలూ, బట్టలుతికేవాళ్లూ కూడా వస్తామంటున్నారు. దుప్పట్లు తెస్తున్నారు. ఉతకడానికి నీళ్లెక్కడున్నాయో మేడమ్‌గారే చూపించాలట.