ఈ వారం చేతకానిది

సుగుణక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. తార్నాకలో బస్సు దిగి, యూనివర్సిటీ క్యాంపస్ లోపలి క్వార్టర్స్ దాకా నడిచేసరికే నా పనైపోయింది. నువ్వు మొదలుపెట్టిన పిల్లల శనివారం క్లాసు ఇవాళ్టితో ఆపేద్దామని, అది జరిగే హాలు తాళం ఆఫీసులో ఇచ్చేద్దామనే వెళ్లాను.

క్లాసు చివర్లో ఎప్పటిలాగే నీ పద్ధతే నడిచింది. ఒక్కొక్కరూ లేచి ఆ వారం తమకు చేతకానిదేదో చెప్పారు. మిగతావాళ్లు చప్పట్లు కొట్టి, "మళ్ల చేస్తవా?" అని అడిగారు. రెండేళ్లు నీ కొంగు వెనకే నక్కిన మౌనిక లేచి, "లెక్కల్ల ఫెయిలైన" అంది. "మళ్ల చేస్తా" అని కూర్చోబోతూ నా వైపు చూసింది.

"టీచర్, మీరెన్నడు చెప్పరేంది? పెద్ద టీచరైతే చెప్తుండె."

లేచాను. "పెద్ద టీచర్ లేకుండా ఈ క్లాసు నడపడం నాకు చేతకావట్లేదు" అన్నాను.

పిల్లలు గట్టిగా చప్పట్లు కొట్టారు. "మళ్ల చేస్తరా, టీచర్?"

జవాబు చెప్పేదాకా కూర్చోకూడదన్నది నువ్వు పెట్టిన రూలే కదక్కా. "చేస్తాను" అని కూర్చున్నాను; హాలు తాళం ఇంకా నా దగ్గరే ఉంది.